తరువాయి తర్వాతి పేజీలో

ఇంట్లో ఉండే ఆడవాళ్ళకి చదువుకోవడానికి బోలెడంత టైము ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉంటుంది, కాదనను. కాకపోతే అది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కుక్కరు మూడో విజిల్ వేసేలోపు ఒక ముక్క. పైన ట్యాంకు నిండి మోటారు ఆపేలోపు ఇంకో ముక్క. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, ఆరేసిన బట్టలు తెచ్చేలోపు కాస్త పెద్ద ముక్క. మన తరం, మన ముందు తరం కూడా వారపత్రికలు, నవలలు అన్నీ ఈ ముక్కల్లోనే చదివాం. అందుకని టైము ముక్కలైతే మనం సర్దుకుంటాం. చదివే వ్యాసం కూడా ముక్కలై వస్తేనే చిరాకు.

మీ అందరికీ అనుభవమే కదా! "మోకాళ్ళ నొప్పులకి పది కారణాలు" అని కనిపిస్తుంది. నొక్కుతాం. ఒక బొమ్మ, నాలుగు వాక్యాలు, కింద "తర్వాతి పేజీ". అది నొక్కితే మళ్ళీ పేజీ మొదలు, మళ్ళీ ప్రకటనలు, మళ్ళీ నాలుగు వాక్యాలు. ఐదో కారణం దగ్గరికి వచ్చేసరికి కూర మాడిపోతుంది. ఇంతా చేసి మనకి కావలసింది పదో పేజీలో ఉంటుంది.

దీనికి మందు మన ఫోన్లలోనూ, ల్యాప్‌టాప్‌లలోనూ ఉంది. డబ్బు కట్టక్కర్లేదు. చాలావాటిలో కొత్తగా ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు కూడా. ఇవాళ దాని గురించి రాస్తాను. నేను ఇవన్నీ పట్టుబట్టి నేర్చుకున్నది మాత్రం నా కోసం కాదు, మా అత్తయ్యగారి కోసం. అందుకని ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

అత్తయ్యగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. మావయ్యగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యాక సీతమ్మధారలో ఈ ఇల్లు కట్టుకున్నారు. ఆవిడ చదివింది ఎస్సెస్సెల్సీ వరకే అయినా, చదవని సీరియల్ లేదు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసిన పనే ఆవిడా చేసేవారు. వారపత్రిక ఇంట్లో అందరూ చదివేశాక, పిన్నులు జాగ్రత్తగా ఊడదీసి, సీరియల్ ఉన్న కాగితాలు మాత్రం తీసి దాచేవారు. ముప్ఫై, నలభై వారాలకి సీరియల్ అయిపోతుంది. అప్పుడు వాటన్నిటినీ వరసగా పేర్చి, దబ్బనంతో పురికొసతో కుట్టి, మైదా జిగురుతో పాత క్యాలెండరు అట్ట అంటించేవారు. ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన తులసిదళం కూడా ఆవిడ అలా కుట్టుకున్నదే. ఒక సీరియల్‌లో ఒక వారం సంచిక పోతే, ఎదురింటావిడ దగ్గర అడిగి తెచ్చుకుని, ఆ భాగమంతా తెల్లకాగితాల మీద చేత్తో రాసి, ఆ చోటే కలిపి కుట్టేశారట. నేను పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ పుస్తకం చదివాను. అచ్చు అక్షరాల మధ్య పది పేజీలు ఆవిడ దస్తూరీ!

ఆలోచిస్తే, పత్రికవాళ్ళు ముక్కలు చేసి ఇచ్చిన కథని పాఠకురాలు తన చేత్తో ఒక్కటి చేసుకోవడమే ఈ బైండింగు. మధ్యలో వచ్చే సబ్బుల ప్రకటనలు, రాశిఫలాలు, జోకులు, అన్నీ తీసిపారేసి, తనకి కావలసిన కథ మాత్రం ఉంచుకోవడం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ అవసరం వస్తుంది.

ఆ పుస్తకాలు ఇరవై పైనే ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వెనకగది కిటికీ రెక్క ఊడిపోయింది. అక్కడున్న ట్రంకుపెట్టెలోకి నీళ్ళు వెళ్ళాయి. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, వీధుల నిండా పడిపోయిన చెట్లు. పుస్తకాల సంగతి చూసేసరికి నాలుగు రోజులు దాటింది. డాబా మీద ఎండబెట్టాం కానీ కాగితాలు అట్టలు కట్టేశాయి. నాలుగు పుస్తకాలు మిగిలాయి. అత్తయ్యగారు ఒక్క మాట కూడా అనలేదు. "అందరి ఇళ్ళూ పోతుంటే కాగితాలకేడుస్తామా!" అని ట్రంకుపెట్టె కడిగి బోర్లించారు.

రెండేళ్ళ క్రితం ఆవిడకి కంటిచూపులో తేడా వచ్చింది. శుక్లాల ఆపరేషను ముందే అయింది, ఇది వేరే. కంటి వెనక రెటీనాలో సరిగ్గా నడిమధ్య మాక్యులా అని ఒక చిన్న భాగం ఉంటుంది. చదవడానికి, మొహాలు గుర్తుపట్టడానికి పనికొచ్చేది అదే. వయసుతో అది దెబ్బతింటే పక్కచూపు బాగానే ఉంటుంది, నడిమి చూపు మసకబారుతుంది. "గుమ్మం కనిపిస్తుందమ్మా, గుమ్మంలో ఉన్నదెవరో తెలీదు. వాక్యం కనిపిస్తుంది, నేను చూసే మాట మాత్రం కనిపించదు" అన్నారావిడ. కంట్లో ఇంజక్షన్లు ఇప్పిస్తున్నాం. అక్షరం పెద్దదిగా ఉండి, వెలుతురు బాగుండి, వాక్యాల మధ్య ఖాళీ ఉంటే ఇప్పటికీ చదవగలరు. మామూలు పుస్తకం అచ్చు మాత్రం చదవలేరు.

నేను చదివి వినిపిస్తానన్నాను. మా అమ్మాయి కూడా సెలవులకి వచ్చినప్పుడు చదివిపెట్టింది. రెండు రోజులు విని మూడో రోజు వద్దన్నారు. "నువ్వు చదివితే నువ్వు చదివినట్టే అమ్మా, నేను చదివినట్టు కాదు. నాకు నచ్చిన చోట ఆగాలి, వెనక్కి వెళ్ళాలి. నిన్ను ప్రతిసారీ ఆగమ్మా, వెనక్కి వెళ్ళమ్మా అంటే బాగుంటుందా?" అన్నారు. నిజమే కదా. ఇల్లంతా తన చేతుల మీద నడిపిన మనిషి. మందులకి, బాత్రూముకి, గుడికి అన్నిటికీ ఎవరో ఒకరు పక్కన ఉండాల్సి వస్తున్నప్పుడు, ఒంటరిగా చేసుకోగలిగిన పని ఇదొక్కటే మిగిలింది. అది కూడా మా చేతుల్లోకి తీసేసుకుంటే ఆవిడకి ఇంకేం ఉంటుంది?

మావారు ట్యాబ్ కొని తెచ్చారు. వేళ్ళతో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు కదా అని. తెలుగు వెబ్ పత్రికలు కూడా ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఈమాట 1998 నుంచీ వస్తోంది, ఇప్పటికీ ఉంది. చదవడానికి సరుకు బోలెడుంది. మరి చిక్కెక్కడ వచ్చిందంటే, వేళ్ళతో పెద్దవి చేస్తే వాక్యం తెర దాటి పక్కకి పోతుంది. ఒక్కో వరసకీ ట్యాబ్‌ని కుడికీ ఎడమకీ జరపాలి. కొన్ని సైట్లలో పేజీ మధ్యలో ప్రకటన మెరుస్తూ ఉంటుంది. మనకి అది చిరాకు మాత్రమే. నడిమి చూపు లేనివాళ్ళకి పక్కచూపే ఆధారం కాబట్టి, పక్కన మెరిసేదల్లా వాళ్ళని లాగేస్తుంది. ఇక "తర్వాతి పేజీ" సంగతి సరేసరి. ఆ మీట ఎక్కడుందో వెతకాలి. దాని పక్కనే అచ్చం అలాంటిదే ఇంకో మీట ఉంటుంది, అది ప్రకటన. ఒకరోజు కళ్ళకి మంచి ఆహారం గురించి ఏదో చదువుతూ పేజీ తిప్పబోతే, ఏదో యాప్ దింపుకోమని తెరంతా నిండిపోయింది. ఆవిడ ట్యాబ్ మూసేసి, "ఇది నా వల్ల కాదమ్మా, నువ్వే వాడుకో" అని నా చేతిలో పెట్టారు.

ఆ మాట నాకు తుఫాను రోజున ట్రంకుపెట్టె బోర్లించినప్పటికంటే ఎక్కువ బాధ అనిపించింది. అప్పుడు పోయినవి కాగితాలు. ఇప్పుడు చదవడమే వదిలేస్తానంటున్నారు.

వ్యాసాన్ని అసలు ఎందుకిలా పది పేజీలు చేస్తారంటే, పెద్ద రహస్యమేం లేదు. పేజీ తిప్పిన ప్రతిసారీ కొత్తగా ప్రకటనలు వస్తాయి. ఒక పేజీకి నాలుగు ప్రకటనలైతే పది పేజీలకి నలభై. పేజీలు ఎన్నిసార్లు చూశారన్న లెక్క కూడా పెరుగుతుంది. మొదట్లో ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో పెద్ద వ్యాసం ఒకేసారి తెరుచుకోవడం కష్టమని కూడా విడగొట్టేవారు. ఆ అవసరం పోయింది, అలవాటు ఉండిపోయింది.

దీనికి విరుగుడు కూడా పాఠకుల వైపు నుంచే వచ్చింది. 2009లో న్యూయార్క్‌లో ఆర్క్90 అనే సంస్థ రీడబిలిటీ అని చిన్న ఉపకరణం చేసింది. బ్రౌజరులో ఒక బుక్‌మార్కులా పెట్టుకోవడమే. దాన్ని నొక్కితే పేజీలోని ప్రకటనలు, పక్క పట్టీలు, మెనూలు అన్నీ మాయమై, వ్యాసం ఒక్కటే శుభ్రంగా మిగిలేది. మరుసటి ఏడాది 2010లో ఆపిల్ వాళ్ళ సఫారీ 5లో "రీడర్" వచ్చింది. అది ఇంకో మెట్టెక్కి, నాలుగైదు పేజీల వ్యాసాన్ని తనే కలిపి ఒకే పొడుగాటి పేజీగా చూపించేది. జపాన్‌లో అయితే ఆటోపేజరైజ్ అని ఒకటి బాగా వాడేవారు. పేజీ చివరికి రాగానే తర్వాతి పేజీ దానంతటదే వచ్చి కింద అతుక్కుంటుంది. ఏ సైటులో "తర్వాతి పేజీ" ఎక్కడ ఉంటుందో వాడేవాళ్ళే రాసి అందరితో పంచుకునేవారు. ఎదురింటావిడ దగ్గర సంచిక అడిగి తెచ్చుకున్నట్టే! కంప్యూటర్లో ఫైర్‌ఫాక్స్‌కి 2015లో రీడర్ వ్యూ వచ్చింది. దాని లోపలి లెక్కకి మూలం ఆ మొదటి రీడబిలిటీయే. క్రోమ్‌లో 2023 నుంచి రీడింగ్ మోడ్ పక్క పట్టీలో తెరుచుకుంటోంది.

వ్యాసం ఏదో, చెత్త ఏదో దానికి ఎలా తెలుస్తుందని నాకు కుతూహలం కలిగింది. మా అమ్మాయి సాఫ్ట్‌వేరులో ఉంది కాబట్టి దాన్నడిగాను. అది చెప్పినది వింటే నవ్వొచ్చింది. మార్కులు వేస్తుందట. పేజీలో ప్రతి ముక్కకీ వాక్యాలు ఎంత పొడుగున్నాయి, కామాలు ఎన్ని ఉన్నాయి అని చూసి మార్కులు వేస్తుంది. లింకులు ఎక్కువుంటే మార్కులు తగ్గిస్తుంది. ఆ ముక్కకి సైటువాళ్ళు లోపల పెట్టుకున్న పేరు "ఆర్టికల్" అనో మరోటో ఉంటే కలుపుతుంది, "సైడ్‌బార్" లాంటి పేరుంటే తీసేస్తుంది. చివరికి ఎక్కువ మార్కులు వచ్చిన ముక్కే వ్యాసం. మనం బియ్యం చెరిగినట్టే, బరువున్నది చేటలో ఉంటుంది, పొట్టు ఎగిరిపోతుంది. ఇదంతా ఊహే కాబట్టి అప్పుడప్పుడు గింజ కూడా ఎగిరిపోతుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఈ సందర్భంలో మన తెలుగువాళ్ళ కథ ఒకటి చెప్పకపోతే తప్పు. ఇరవై ఏళ్ళ క్రితం మన దినపత్రికల సైట్లు ఒక్కొక్కరూ సొంత ఫాంటు వాడేవారు. ఆ ఫాంటు లేకపోతే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపించేవి. మా చెల్లెలు అప్పట్లో అమెరికాలో ఉండేది. అక్కడ పేపరు తెరిస్తే అన్నీ గీతలేనని వాపోయేది. వెన్న నాగార్జున గారు ఫైర్‌ఫాక్స్ కోసం "పద్మ" అనే పొడిగింత తయారుచేశారు. అది ఒక్కో పత్రిక ఫాంటునీ గుర్తుపట్టి, మనం చదివేలోపే యూనికోడ్ తెలుగులోకి మార్చేసేది. అదే కాలంలో, 2006లో, వీవెన్ గారి లేఖిని వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుందన్నమాట. ఒకరు చదవడానికి దారి వేస్తే ఒకరు రాయడానికి వేశారు. అలాంటి వాళ్ళు ముందు వేసిన దారిలోనే ఇవాళ ఈ నాలుగు ముక్కలూ ఇంట్లో కూర్చుని తెలుగులో రాయగలుగుతున్నాను. సైటువాళ్ళు ఇచ్చినది ఇచ్చినట్టు మింగాల్సిన పనిలేదని, పాఠకుడి వైపు నుంచి కూడా ఒక ఉపకరణం ఉండొచ్చని మనవాళ్ళు అప్పుడే చూపించారు.

సరే, అత్తయ్యగారి ట్యాబ్‌కి వద్దాం. నేను చేసినవి వరసగా చెప్తాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే పనికొస్తాయి.

ముందు ఆవిడ ట్యాబ్‌లో ఫైర్‌ఫాక్స్ పెట్టాను. వ్యాసం తెరిస్తే, అడ్రసు ఉండే పెట్టెలో కాగితం లాంటి చిన్న బొమ్మ వస్తుంది. అది నొక్కడమే. సైటు మొదటి పేజీలో అది రాదు, ఏదో ఒక వ్యాసంలోకి వెళ్ళాకే వస్తుంది. ఐఫోన్, ఐప్యాడ్ ఉన్నవాళ్ళకి సఫారీలో అడ్రసు పెట్టె పక్కనే ఉంటుంది, "రీడర్" అని కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఎడ్జ్ వాడేవాళ్ళు, ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ళు విండోస్‌లో ఎఫ్ 9 మీట నొక్కితే చాలు. క్రోమ్‌లో మూడు చుక్కల మెనూలో "రీడింగ్ మోడ్" వెతకండి.

తర్వాత అక్షరం సైజు. ఇక్కడ తెరని వేళ్ళతో లాగక్కర్లేదు. సైజు పెంచితే వాక్యం తెర దాటిపోకుండా తనే కిందికి మళ్ళుతుంది. ఒక్కసారి పెట్టి వదిలేస్తే, తర్వాత ఏ వ్యాసం రీడర్‌లో తెరిచినా అదే సైజు వస్తుంది. అత్తయ్యగారికి ఇది అన్నిటికంటే నచ్చింది. ల్యాప్‌టాప్‌లో అయితే వరసల మధ్య దూరం కూడా పెంచుకోవచ్చు. ఇంగ్లీషు కంటే మన తెలుగుకి ఇది చాలా అవసరం. మనకి పైన గుడులు, కింద వత్తులు. "స్త్రీ" లాంటి అక్షరం చూడండి, పైన గుడి, కింద రెండు వత్తులు. వరసలు ఇరుగ్గా ఉంటే పై వరస వత్తు, కింద వరస గుడి కొట్టుకుంటాయి. చూపు బాగున్నవాళ్ళం ఊహించుకుని చదివేస్తాం, వాళ్ళకి అదంతా నల్లటి ముద్దలా కనిపిస్తుంది.

రంగు కూడా మార్చుకోవచ్చు. నేను నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు పెడితే బాగుంటుందేమో అనుకున్నాను. ఆవిడ అన్నీ చూసి, పాత కాగితం రంగు ఎంచుకున్నారు. "ఇది పుస్తకంలా ఉంది" అన్నారు. ఎవరి కంటికి ఏది హాయో వాళ్ళనే ఎంచుకోనివ్వాలి.

ఇక అసలు విషయం, పది పేజీల వ్యాసాన్ని ఒకటి చేయడం. రీడర్ అన్నిచోట్లా పేజీలని కలపదు. ఫైర్‌ఫాక్స్‌ది మనం తెరిచిన పేజీ వరకే శుభ్రం చేస్తుంది. అందుకని నేను ఒక వరస పెట్టుకున్నాను. మొదట ఆ పేజీలో "ప్రింట్" అనే బొమ్మ గానీ, "అన్నీ ఒకే పేజీలో" అనే అర్థం వచ్చే మాట గానీ ఉందేమో చూస్తాను. చాలా సైట్లలో ప్రింట్ నొక్కితే వ్యాసం మొత్తం ఒకేచోట వస్తుంది. అది లేకపోతే ల్యాప్‌టాప్‌లో ఆటోపేజరైజ్ తరహా ఎక్స్‌టెన్షన్ పనిచేస్తుందేమో చూస్తాను. వీటి విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి ఎక్స్‌టెన్షన్లు మనం తెరిచే ప్రతి పేజీనీ చదివే అనుమతి అడుగుతాయి. అది లేకపోతే అవి పనిచేయలేవు. కాబట్టి అడిగిందల్లా ఎక్కించుకోకుండా ఒకటో రెండో, బ్రౌజరు వాళ్ళ సొంత దుకాణం నుంచే, అదీ నలుగురూ చాలాకాలంగా వాడుతున్నవి తీసుకోవాలి. బ్యాంకు పనులు వేరే బ్రౌజరులో చేసుకుంటే ఇంకా మంచిది. ఇవేవీ కుదరకపోతే నేనే కూర్చుని ఒక్కో పేజీనీ రీడర్‌లో తెరిచి, కాపీ చేసి, ఒకే ఫైలులో వరసగా అంటిస్తాను. దబ్బనం బదులు మౌసు, అంతే తేడా.

పుస్తకాలకైతే ఇంకా సులువైన దారి ఉంది. తెలుగు వికీసోర్సులో కాపీహక్కుల కాలం తీరిన పాత పుస్తకాలు ఉన్నాయి. టంగుటూరి ప్రకాశం గారి "నా జీవిత యాత్ర" అందులోనే ఉంది. తెర మీద అధ్యాయం అధ్యాయానికీ వేరే పేజీ. కానీ "దించుకోలు" మీట నొక్కితే పుస్తకం మొత్తం ఒకే ఫైలుగా వచ్చేస్తుంది. మావారు దాన్ని తన ఫోన్లో పెట్టుకుని ప్రతిరోజూ సాయంత్రం వాకింగ్ నుంచి వచ్చాక ఒక అధ్యాయం చదువుతున్నారు. ఇంట్లో అందరికంటే తక్కువ చదివే మనిషి!

గింజ ఎగిరిపోయే సంగతి చెప్తానన్నాను కదా. రీడర్ అన్నిటికీ పనిచేయదు. పేపరు కటింగును ఫోటో తీసి పెట్టినదైతే దాని కంటికి అది బొమ్మే, అక్షరాలు కావు. వంటల పేజీల్లో మొదట ఉండే పెద్ద ఉపోద్ఘాతం అంతా ఉంచి, కొలతల పట్టీని చెత్త అనుకుని తీసేయడం నేను చూశాను. చిన్న కవితలైతే వాక్యాలు పొట్టిగా ఉంటాయి, కామాలు ఉండవు, పాపం వాటికి మార్కులు రావు. ఆరోగ్యం గురించి చదివేటప్పుడు మాత్రం ఒకసారి మామూలు పేజీ కూడా చూసి, రాసినదెవరు, ఎప్పుడు రాసింది అన్నది గమనించడం మంచిది. శుభ్రమైన పేజీలో అన్ని మాటలూ ఒకేలా నమ్మకంగా కనిపిస్తాయి. ప్రకటనలు తీసేసినంత మాత్రాన లోపలున్నది నిజమైపోదు.

ప్రకటనలన్నీ తీసేస్తే రాసేవాళ్ళకి డబ్బెలా వస్తుందని మా అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఫైర్‌ఫాక్స్‌లో ముందు మామూలు పేజీయే తెరుచుకుంటుంది, దాని ప్రకటనలు దానికి వస్తాయి, ఆ తర్వాతే మనం రీడర్ నొక్కుతాం. మేం క్రమం తప్పకుండా చదివే ఒక పత్రికకి ఏడాది చందా కట్టాం. వారపత్రికలు డబ్బిచ్చి కొన్నవాళ్ళమే కదా, కథకి డబ్బివ్వడం మనకి కొత్తేం కాదు. నలభై మెరుపుల మధ్య వెతుక్కోమంటేనే కష్టం.

చదివి వినిపించే సౌకర్యం కూడా ఉంది. ల్యాప్‌టాప్‌లో ఎడ్జ్‌లో "రీడ్ అలౌడ్" నొక్కితే తెలుగులో శ్రుతి అని ఒక ఆడగొంతు, మోహన్ అని ఒక మగగొంతు ఉన్నాయి. ఉచ్చారణ ఫరవాలేదు. కళ్ళు అలిసిపోయిన సాయంత్రాల్లో అత్తయ్యగారు అరగంట వింటారు. ఆశ్చర్యమేమిటంటే, నేను చదివితే వద్దన్న మనిషి దీన్ని కాదనలేదు. ఎందుకని అడిగితే, "దాన్ని ఎన్నిసార్లు ఆపినా ఏమనుకోదు కదమ్మా!" అన్నారు. ఇంట్లో ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తున్న పెద్దవాళ్ళ మనసు ఆ ఒక్క మాటలో ఉంది.

దాచుకోవడం గురించి కూడా ఒక మాట. వ్యాసాలు తర్వాత చదువుకోవడానికి దాచిపెట్టే పాకెట్ అనే సేవ ఉండేది. 2007లో "రీడ్ ఇట్ లేటర్" అనే పేరుతో మొదలైంది, చాలామంది వాడేవారు. 2025 జులై 8న దాన్ని మూసేశారు. దాచుకున్నవి తీసుకెళ్ళడానికి గడువు ఇచ్చారనుకోండి. ఆ మొదటి రీడబిలిటీ వాళ్ళ సేవ కూడా 2016లోనే ఆగిపోయింది. ట్రంకుపెట్టెలో పెట్టినా, ఎవరిదో కంప్యూటర్లో పెట్టినా, దేనికైనా ఏదో ఒక రోజు తుఫాను వస్తుంది. అందుకని నిజంగా ఇష్టమైనవి నేను రీడర్‌లో తెరిచి, ప్రింట్‌లోకి వెళ్ళి, పీడీఎఫ్‌గా చేసి, ట్యాబ్‌లో ఒకటి, పెన్ డ్రైవ్‌లో ఒకటి పెడుతున్నాను.

పోయిన నెల ఇంకో పని చేశాం. ఒక వెబ్ పత్రికలో పద్నాలుగు నెలలు సీరియల్‌గా వచ్చిన నవల అత్తయ్యగారికి బాగా నచ్చింది. పద్నాలుగు భాగాలకీ పద్నాలుగు లింకులు. అన్నిటినీ రీడర్‌లో తెరిచి, పెద్ద అక్షరాలు పెట్టి, వరసల మధ్య బాగా ఖాళీ ఇచ్చి, ఒక్కటిగా కలిపాను. రైతుబజారుకి వెళ్ళే దారిలో ఉన్న జిరాక్స్ షాపులో ఒకవైపే అచ్చు వేయించాను. కాగితం రెండోవైపు అక్షరాలు ఇవతలికి కనిపిస్తే ఆవిడకి చదవడం కష్టం. మూడువందల పైచిలుకు కాగితాలు. స్ప్రింగు బైండింగు వేసిచ్చాడా అబ్బాయి.

అత్తయ్యగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. పేజీలు తిప్పారు. మొదటి పేజీ కిటికీ వెలుతురులో పెట్టి, కాస్త పక్కకి తల వంచి, మెల్లగా నాలుగు వరసలు పైకి చదివారు. ఆగారు. వెనక్కి వెళ్ళి మొదటి వరస మళ్ళీ చదివారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం కాఫీ ఇవ్వడానికి వెళ్తే నలభయ్యో పేజీలో ఉన్నారు. పదిహేను రోజుల్లో పూర్తి చేశారు. స్ప్రింగు మాత్రం ఆవిడకి నచ్చలేదు. "ఈ తీగ చేతికి గీసుకుంటోంది, ఇంట్లో దబ్బనం ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. కింద వాటాలో ఉండే ఆవిడకి కూడా చూపు సరిగా ఆనదు. ఆవిడొచ్చి ఆ పుస్తకం అడిగారు. అత్తయ్యగారు ఇచ్చారు కానీ గడువు పెట్టి మరీ ఇచ్చారు.

"శుక్రవారానికల్లా తెచ్చెయ్యమ్మా. కుట్టుకోవాలి."